మ్యూజియం ఎవరి చరిత్రను దాచింది?
హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నుంచి కొన్ని ప్రశ్నలు

లేపాక్షి గుడికి పోయినవాళ్లకు గైడు రెండుచోట్ల ఆగి కథ చెప్తాడు. ఒకటి, గోడ మీది రెండు ఎర్రటి మరకల దగ్గర. రాజుగారి ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టినాడని నిందపడితే విరుపణ్ణ తన కళ్లు తానే పెరుక్కొని గోడకేసి కొట్టినాడనీ, ఆ మరకలు ఆ నెత్తుటివేననీ కథ. రెండోది, ఆవరణలో నేలబండ మీద గుండ్రంగా పళ్లేల మాదిరి తొలిచిన గుంతల దగ్గర. గుడి కట్టిన పనివాళ్లు వీటిలోనే అన్నం తిన్నారని చెప్తారు. (అన్నం అంటారుగానీ ఈ సీమలో అది సంగటే అయి ఉంటుంది.) మొదటి కథకు ఐదు నిమిషాలు పడుతుంది. రెండోదానికి అర నిమిషం. విరుపణ్ణకు పేరుంది, తమ్ముడు వీరణ్ణకు పేరుంది, వాళ్లమీది రాజు అచ్యుతదేవరాయలకు పేరుంది, 1530ల నాటి శాసనాలున్నాయి. ఆ రాతిపళ్లేల్లో తిన్నవాళ్లు ఎవరు, ఏ ఊళ్ల నుంచి వచ్చినారు, కూలికి వచ్చినారా వెట్టికి వచ్చినారా, ఒకే బంతిలో కూర్చున్నారా వేరువేరుగానా అని మాత్రం ఎవరూ అడగరు. 2022లో ఈ గుడినీ నందినీ ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో చేర్చినారు. సంతోషమే. ప్రపంచానికి వారసత్వమైన ఆ గుడి, దాన్ని కట్టినవాళ్ల మనమలకు ఏమవుతుంది?

ఈ వ్యాసంలో మేము మాట్లాడదలచుకున్నది స్థానిక మ్యూజియం గురించి. ఊరి చరిత్రను ఊళ్లోనే దాచుకొనే చోటు ఏం పని చేస్తుంది, ఏం పని చేయాలి అన్నదాని గురించి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ ఒకే రైలుదారి మీది ఊళ్లు. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. అనంతపురంలో పురావస్తు శాఖవారి జిల్లా మ్యూజియం ఉంది. పాత జిల్లా మ్యూజియం ఇప్పుడు పక్క జిల్లాలోకి పోయింది కాబట్టి కొత్త జిల్లాకు కొత్తది కావాలనే మాట ఎప్పటికైనా వస్తుంది. వచ్చినప్పుడు దాంట్లో ఏం పెడతారో మనం ఇప్పుడే ఊహించవచ్చు: విరిగిన విగ్రహాలు, వీరగల్లులు, నాణేలు, కత్తులు, రాయలవారి పటం. అవి ఉండకూడదని మేము అనడం లేదు. అవి మాత్రమే చరిత్ర అయితే ఈ ఊళ్లలో చెరువు తవ్వినవాళ్లు, తోలు పదును చేసినవాళ్లు, పట్టు వడికినవాళ్లు చరిత్ర బయట మిగిలిపోతారు అంటున్నాం. తెలుగులో దాచడం అనే మాటకు రెండర్థాలున్నాయి. భద్రపరచడం ఒకటి, కనబడకుండా చేయడం ఒకటి. మన మ్యూజియాలు ఇన్నాళ్లూ రెండు పనులూ ఒకే చేత్తో చేసినాయి.

మనల్ని కొలిచిన మ్యూజియం

మ్యూజియం అనేది దళితులకు కొత్త సంగతేమీ కాదు. మన పెద్దలు మ్యూజియాన్ని చూడకముందే మ్యూజియం మన పెద్దల్ని చూసింది. అనంతపురం జిల్లా 1882లో బళ్లారి నుంచి విడిపడి ఏర్పడింది. మద్రాసు రాష్ట్రంలో భాగం. 1851లో మొదలైన మద్రాసు మ్యూజియానికి 1885 నుంచి 1908 దాకా ఎడ్గర్ థర్‌స్టన్ అనే దొర అధికారి. ఆయన మనుషుల తలలు, ముక్కులు కొలిచినాడు. ముక్కు వెడల్పునుబట్టి కులాల ఎక్కువ తక్కువలు తెలుస్తాయని ఆనాటి దొరల శాస్త్రం. మ్యూజియం చూడవచ్చిన మామూలు జనాన్ని కూడా నిలబెట్టి కొలిచేవాడు. ఆ కొలతలూ, ఊరూరా సేకరించిన కబుర్లూ కలిపి 1909లో దక్షిణదేశపు కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చువేసినారు. మాల మీద, మాదిగ మీద, మాతంగి మీద అందులో పేజీలకు పేజీలున్నాయి. ఆ పేజీల్లో మన పెద్దల ఆచారాలున్నాయి, కట్టుబాట్లున్నాయి, మొక్కుబళ్లున్నాయి. ఫలానా మనిషి ఇట్లా అన్నాడు అని పేరుతో ఒక్క దళితుడి మాట వెతికి పట్టుకోవడం మాత్రం కష్టం.

ఇందులో ఒక తిరకాసు ఉంది. ఇప్పుడు మనం మన చరిత్ర రాసుకోవాలన్నా ఆ పుస్తకాల దగ్గరికే పోవాల్సి వస్తుంది. 1905లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ రాసిన అనంతపురం జిల్లా గెజిటీరు లేకుండా ఈ ప్రాంతం మీద పరిశోధన మొదలుకాదు. రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త బళ్లారి, అనంతపురం ప్రాంతాల్లో ఏరిన రాతి పనిముట్లు మద్రాసు మ్యూజియానికి చేరినాయి. అంటే ఈ నేల మీద మొట్టమొదట పనిచేసిన చేతుల గుర్తులు చూడాలంటే మన పిల్లలు రైలెక్కి మద్రాసు పోవాలి. ఈ వస్తువులు, రాతలు వదులుకోమని మేము చెప్పం. వాటిని చదివే చూపు మారాలి. గెజిటీరులో ఊరి నౌకర్ల గురించి రెండు వాక్యాలు కనబడితే, ఆ రెండు వాక్యాలు పట్టుకొని ఊళ్లోకి పోయి ముసలివాళ్లను అడగాలి. మిగతా ఇరవై వాక్యాలు వాళ్ల దగ్గర ఉంటాయి.

పెనుకొండ: కోటగోడ కింద

పెనుకొండ అనగానే రాయల వేసవి విడిది, గగనమహలు, కొండమీది కోట గుర్తొస్తాయి. 1565 యుద్ధంలో విజయనగరం పాడైన తర్వాత తిరుమలరాయలు ఇక్కడికి రాజధాని మార్చినాడు. బాబయ్య దర్గా ఉంది, పార్శ్వనాథుడి జైన గుడి ఉంది, మసీదు ఉంది. ఒకే మతం కథగా చెప్పడానికి లొంగని ఊరు ఇది. బాబయ్య ఉరుసుకు కులమతాలతో పనిలేకుండా జనం వస్తారు. ఈ సంగతి టూరిజం వాళ్ల కరపత్రాల్లో కూడా కనబడుతుంది.

కనబడనిది ఇంకొకటి. ఆ రాజ్యం ఊరి స్థాయిలో ఎట్లా నడిచింది? పన్నెండుమంది ఆయగాళ్లతో నడిచింది. రెడ్డి, కరణంతో మొదలై తలారి, నీరుగంటి, చాకలి, మంగలి, కుమ్మరి, కమ్మరి, మాదిగ దాకా. కళ్లంలో పంట నూర్చినప్పుడు వీళ్లకు ఇంతని మేర. కొందరికి మాన్యం నేల. కోటలో రాజు మారినా, కోటే కూలిపోయినా, దొరలు వచ్చినా ఈ ఏర్పాటు శతాబ్దాల తరబడి సాగింది. అయితే ఆయగాళ్ల పట్టిక అందరినీ ఒక వరుసలో చూపిస్తుంది. కళ్లంలో మాత్రం వరుస ఒకటి కాదు. కరణం మేర ముందు కొలుస్తారు, మాదిగకు గింజ తాలుతో కలిపి చివర వస్తుంది. చరిత్ర పాఠంలో ఇది గ్రామ స్వయంసమృద్ధి అని చదువుకున్నాం. కళ్లం అంచున నిలబడి చూస్తే స్వయం ఎవరిదో, సమృద్ధి ఎవరిదో అర్థమవుతుంది.

శాసనాలన్నీ రాజులవే, మనకు పనికిరావు అని కూడా అనుకోవద్దు. సదాశివరాయల కాలంలో, అంటే 16వ శతాబ్దం నడుమ, కొండోజు అనే మంగలి అళియ రామరాయలను మెప్పించి తన కులంవాళ్ల మీది పన్నులూ వెట్టీ తీసివేయించినాడు. ఆ సంగతి చెప్పే శాసనాలు పలుచోట్ల వేయించినారు. ఆలోచించండి. వెట్టి తీసివేసినామని రాతిమీద చెక్కించాల్సి వచ్చిందంటే ఆ వెట్టి ఎంత బరువుగా ఉండి ఉంటుంది? పనిచేసే కులాల బతుకు రాతిమీదికెక్కిన ఇట్లాంటి శాసనాల నకళ్లు తీసి, అర్థమయ్యే తెలుగులో పక్కన రాసిపెడితే అది మ్యూజియంలో రాయల పటం కంటే ఎక్కువమందిని నిలబెడుతుంది.

ఇంకొక మాట. పాత వస్తువంటే రాయీ రాగీ మాత్రమే కాదు, కాగితం కూడా. ఈ ప్రాంతంలో దళితుల ఇళ్లలో ట్రంకుపెట్టెల అడుగున డీకేటీ పట్టాలుంటాయి. ప్రభుత్వం పేదలకిచ్చిన ఆ భూముల్ని అమ్మకూడదని, కొనకూడదని 1977లో చట్టం వచ్చింది. ఎన్ని పట్టాల వెనక నేల మిగిలింది, ఎన్నిటి వెనక కాగితం మాత్రమే మిగిలింది? వెట్టి చాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. జీతానికి ఉండి విడుదలైన మనిషి దగ్గరి ధ్రువపత్రం ఏ తామ్రపత్రానికి తీసిపోతుంది? 2019లో పెనుకొండ మండలంలో కియా కార్ల ఫ్యాక్టరీ ఉత్పత్తి మొదలుపెట్టింది. దారులు మారినాయి, పొలాల పేర్లు వాడుకలోంచి పోతున్నాయి. మాన్యాల పేర్లు, కుంటల పేర్లు, దిన్నెల పేర్లు చెప్పగలిగిన తరం ఇంకో పదేళ్లు ఉంటుందేమో. అవి రాసుకోవడానికి భవనం అక్కరలేదు, నోటుపుస్తకం చాలు.

కపిల దగ్గర ఎవరున్నారు

మాకు అన్నిటికంటే ముందు మ్యూజియంలో చూడాలని ఉన్న వస్తువు కపిల. రాయలసీమలో కరెంటు మోటార్లు, డీజిలు ఇంజన్లు రాకముందు బావి కింద సేద్యమంతా కపిలతోనే. గిలక మీద మోకు, మోకు చివర పెద్ద తోలుసంచి, దానికింద తోలు తొండం. ఎద్దులు వాలు మీద కిందికి నడిస్తే సంచి పైకొచ్చి తొండం తొట్టిలో నీళ్లు పోస్తుంది. ఎద్దులు వెనక్కి నడిస్తే సంచి బావిలోకి దిగుతుంది. పొద్దుగూకులూ అదే పని. ఆ నడకకు తగ్గట్టు కపిల పాటలు. ఈ పాటల్ని జానపద పరిశోధకులు సేకరించినారు, మెచ్చుకున్నారు. ఎద్దుల్ని మెచ్చుకున్నారు, రైతును మెచ్చుకున్నారు.

ఆ తోలు ఎక్కడిది? చచ్చిన ఎద్దునో ఎనుమునో ఊరి బయటికి ఈడ్చుకుపోయి, తోలు తీసి, సున్నంలో నానబెట్టి, వెంట్రుక గీకి, తంగేడు చెక్క కషాయంలో రోజుల తరబడి ఊరబెట్టి, పదును చేసి, కుట్టి ఇచ్చింది మాదిగ. తోలు నీళ్లకు కుళ్లకుండా, ఎండకు పగలకుండా ఉండాలంటే చెక్క ఎంత, నీళ్లు ఎన్ని, ఏ ఎండలో ఎన్నాళ్లు అన్న లెక్క ఉంటుంది. అది రసాయన శాస్త్రం. బడికి రానివ్వని వాళ్ల దగ్గర ఉన్న రసాయన శాస్త్రం. తొండం చిరిగితే ఆ పూటకు తోటకు నీళ్లు లేవు, కాబట్టి కబురొస్తే అర్ధరాత్రయినా పోయి కుట్టాలి. ఈ పనికి ఏడాదికి ఇన్ని గింజలు. తాను కుట్టిన తోలుసంచిలో పైకొచ్చిన నీళ్లు తాగడానికి మాత్రం దోసిలి పట్టి దూరంగా కూర్చోవాలి, ఎవరో పైనుంచి పోస్తే తాగాలి.

ఇప్పుడు ఏ మ్యూజియంలోనైనా కపిల పెడితే దాని పక్కన పలక మీద ఏం రాస్తారు? 'బావినుంచి నీరు తోడు పూర్వకాలపు సాధనము. తోలు, కొయ్య, ఇనుము' అని రాస్తారు. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ చేసినవాడు లేడు, కూలి లేదు, దోసిలి లేదు. మేము రాస్తే ఇట్లా రాస్తాం: 'ఇది ఫలానా ఊరి ఫలానా బావిది. తోలు పదును చేసి కుట్టినది ఫలానా ఇంటి మాదిగ పెద్ద. ఏటా ఇంత మేర ఇచ్చేవాళ్లు. ఈ బావి నీళ్లు ఆయన చేత్తో ముట్టుకునే వీలులేదు. మోటారు వచ్చిన ఏడాది ఆ ఇంటి మేర ఆగిపోయింది. ఆ తర్వాత వాళ్లు బెంగుళూరుకు పనికి పోయినారు.' ఆరు వాక్యాలు. వస్తువు అదే, అద్దాలపెట్టె అదే. చరిత్ర మాత్రం వేరు. మోటారు రావడాన్ని ప్రగతి అంటారు. అది ప్రగతే, ఎద్దుకూ మనిషికీ చాకిరీ తప్పింది. దాంతోపాటు ఒక చేతిపని పూర్తిగా ఎట్లా పోయిందో, బదులుగా వాళ్లకు ఏం దక్కిందో కూడా ఆ పలక మీదే రాయాలి.

కిర్రుచెప్పులు కూడా ఇంతే. రాయలసీమ రెడ్లు నడుస్తుంటే కిర్రుకిర్రుమనే చెప్పులని కథల్లో, సినిమాల్లో దర్పానికి గుర్తుగా చూపిస్తారు. ఆ చెప్పు కుట్టినవాడు పెద్దకులాల వీధిలో చెప్పులు చేత పట్టుకొని నడిచిన రోజులున్నాయి. ఒకే అద్దాలపెట్టెలో ఆ రెండు సంగతులూ పట్టాలి.

బొమ్మ అయితే కళ, చెప్పు అయితే మైల

ధర్మవరం మండలంలో నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మలాట వాళ్ల ఊరు. మరాఠా మూలాలున్న కుటుంబాలు తరాలుగా రామాయణ భారతాలు ఆడుకుంటూ వస్తున్నాయి. మేకతోలును వాళ్లే శుభ్రం చేసి, వెలుతురు దాటేంత పలచగా చేసి, ఉలితో సన్నటి చిల్లులు కొట్టి, రంగులు వేస్తారు. ఈ పనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2020లో ఈ ఊరి దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చింది. మేమందరం సంతోషించాల్సిన విషయం. తెర వెనక ఆట తగ్గి, ఇప్పుడు దీపాల గొడుగులు, గోడ బొమ్మలు ఎక్కువగా చేస్తున్నారు. లేపాక్షి పేరుతో నడిచే హస్తకళల దుకాణాల్లో అవి అమ్ముతారు. గుడి ఊరి పేరు దుకాణం పేరయింది, ఆట బొమ్మ దీపం గొడుగయింది. వారసత్వం బజారుకు పోయినప్పుడు ఇట్లాంటి మార్పులు జరుగుతాయి. బతుకు గడవాలంటే అది తప్పు కూడా కాదు.

మేము అడిగేది వేరే. తోలు రాముడయితే కళ అయింది, తొండమయితే పనిముట్టయింది, చెప్పయితే మైల అయింది. ఇదంతా తోలే కదా? సున్నమూ గీకుడూ అంతటా ఉన్నదే కదా? బొమ్మకట్టేవాళ్లను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. వాళ్లు కూడా ఊరూరా గుడారం వేసుకొని, దయతలచి ఇచ్చింది తీసుకొని బతికినవాళ్లే. ఒక స్థానిక మ్యూజియం చేయగల గొప్ప పని ఏమిటంటే ఈ మూడు తోలుపనుల్ని ఒకే గదిలో పెట్టడం. రావణుడి పక్కన తొండం, దాని పక్కన తప్పెట, చెప్పులు. చూసినవాళ్లకు ఎవరూ చెప్పకుండానే ప్రశ్న పుడుతుంది. ఇంకొకటి కూడా చేయాలి. తోలుబొమ్మల్లో రాముడూ హనుమంతుడే కాదు, బంగారక్క, కేతిగాడు, జుట్టుపోలిగాడు ఉన్నారు. ఊరి పెద్దల్ని ఎగతాళి చేసేదీ, బూతులాడేదీ, పల్లె భాష మాట్లాడేదీ వాళ్లే. జనం నిద్రపోకుండా తెల్లారేదాకా కూర్చున్నది వాళ్లకోసమే. ప్రదర్శనలకు రావణుడి పది తలలు ముందు పోతాయి, బంగారక్క పెట్టెలో ఉండిపోతుంది.

ధర్మవరం పట్టుచీర గురించి కూడా రెండు మాటలు. దానికీ భౌగోళిక గుర్తింపు ఉంది. దాని అంచుల్లో లేపాక్షి బొమ్మల నమూనాలున్నాయని చెప్పుకుంటారు. చీర అద్దాల బీరువాలో బాగుంటుంది. కానీ దాని వెనక హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్ ఉంది, మరుగుతున్న నీళ్లలో చేతులు పెట్టి గూళ్లనుంచి దారం తీసే పేదింటి ఆడవాళ్లున్నారు, గుంతమగ్గంలో కాళ్లు పెట్టి కూర్చున్న నేతగాడున్నాడు, మరమగ్గం పోటీకీ ముడిసరుకు ధరకూ చితికి ప్రాణాలు తీసుకున్న నేతన్నలున్నారు. మ్యూజియంలో చీర పెడితే దాని పక్కన నాడె, పన్నె పెట్టడం పరిపాటి. అప్పుల పుస్తకం కూడా పెట్టమంటాం.

తప్పెటను ఏం చేద్దాం?

ఇక్కడ మాలో మాకే వాదం ఉంది. దాచకుండా చెప్తాం. తప్పెటను మ్యూజియంలో పెట్టడం గౌరవమా, అవమానమా?

ఒక పక్షం మాట ఇది. తప్పెట మన తాతలకు తప్పనిసరి చాకిరీ. ఊళ్లో శవం లేచినా, జాతర జరిగినా, పంచాయితీ చాటింపు వేయాలన్నా మాదిగ తప్పెట కొట్టాలి. కొట్టనంటే దెబ్బలు, వెలి. చదువుకున్న పిల్లలు ఎన్నో ఊళ్లలో ఇక కొట్టం అన్నారు. వదిలించుకున్న సంకెలను తీసుకొచ్చి సంస్కృతి అని పూలదండ వేస్తారా? ఈ మాటలో చాలా న్యాయముంది. రెండో పక్షం మాట: 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా పుట్టినప్పుడు ఆ ఉద్యమం తన పేరునే చాటింపు నుంచి తీసుకుంది. తప్పెటను సభల్లోకి, వీధుల్లోకి, రాజధానిలోకి తెచ్చింది. శవం ముందు తల దించుకొని కొట్టిన చేయి సభ ముందు తలెత్తి కొట్టింది. వాయిద్యం మారలేదు, ఎవరి ఆజ్ఞ మీద కొడుతున్నాం అన్నది మారింది. నేడు రాష్ట్ర ప్రభుత్వపు పింఛన్ల జాబితాలో డప్పు కళాకారులున్నారు, సంప్రదాయ చర్మకారులున్నారు. నిన్నటి వెట్టి ఈరోజు కళగా లెక్కకెక్కింది.

మా నిర్ణయం ఇది. తప్పెటను పెట్టాలి, రెండు తప్పెటలు పెట్టాలి. ఒకటి చావుకు కొట్టిన ఇంటినుంచి, ఒకటి ఉద్యమంలో తిరిగిన ఇంటినుంచి. దరువులు వినబడాలి, ఎందుకంటే శవం దరువు వేరు, జాతర దరువు వేరు, చాటింపు వేరు. నిప్పుసెగకు కాచకముందు తోలు పలికేది వేరు, కాచిన తర్వాత వేరు. మూడో చోటు ఒకటి ఖాళీగా వదలాలి. ఇక కొట్టం అని తప్పెటను పగలగొట్టిన ఊళ్లు, చెరువులో పారేసిన ఇళ్లు ఉంటే వాళ్ల మాట అక్కడ రాయాలి. కొట్టకపోవడం కూడా చరిత్రే.

బసివిని ఆచారం గురించి ఇంతకంటే జాగ్రత్త కావాలి. ఈ సరిహద్దు ప్రాంతాల్లో ఆడపిల్లల్ని దేవతకు వదిలిన ఆచారాన్ని గురించి ఫాసెట్ వంటి దొరలు 1890ల నుంచే రాసినారు. మద్రాసు రాష్ట్రంలో 1947లో, ఆంధ్రప్రదేశ్‌లో 1988లో దాన్ని నిషేధిస్తూ చట్టాలు వచ్చినాయి. ఆ స్త్రీలు, వాళ్ల పిల్లలు మన మధ్య బతుకుతున్నారు. వాళ్ల ముత్యాల దండలు, ఫొటోలు ప్రదర్శనకు పెట్టే హక్కు ఏ పరిశోధకుడికీ లేదు. ఏం చెప్పాలో, చెప్పాలో వద్దో వాళ్లే తేల్చాలి. ఆసాదుల పాటల సంగతీ అంతే. దేవత కథను వాళ్లు రాత్రంతా పాడేది భక్తితో, ఆకలితో. టేపులో పట్టుకొని పోయి పుస్తకం వేసుకున్నవాళ్లు చాలామంది, ఆ పుస్తకం తెచ్చి చేతిలో పెట్టినవాళ్లు తక్కువ. జాంబపురాణం చెప్పేవాళ్లను గురించి కూడా ఇదే మాట. భూమి పుట్టకముందే జాంబవుడు పుట్టినాడన్న కథలో ఒక కులం తన పెద్దరికాన్ని తానే ప్రకటించుకుంది. దాన్ని మూఢనమ్మకం అని తోసెయ్యడం సులువు. ఎవరికి జవాబుగా ఆ కథ పుట్టిందో చూడటం చరిత్రకారుడి పని.

వేరేచోట్ల ఏం చేసినారు

పేదల చేతికి మ్యూజియం రావడం వింత కాదు. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో అనకోస్టియా అనే నల్లవాళ్ల పేట ఉంది. 1967లో అక్కడ పాడుబడ్డ సినిమాహాల్లో ఒక పేట మ్యూజియం తెరిచినారు. 1969లో వాళ్లు పెట్టిన ఒక ప్రదర్శన ఎలుకల మీద. ఎందుకంటే ఆ పేటలో పిల్లల్ని ఎలుకలు కరుస్తున్నాయి. మ్యూజియమంటే పాత కుండలే కాదు, ఇవాళ్టి బాధ కూడా అని వాళ్లు అన్నారు. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేటను 1966లో తెల్లవాళ్ల ప్రాంతంగా ప్రకటించి, దాదాపు అరవై వేలమందిని వెళ్లగొట్టి ఇళ్లు కూలగొట్టినారు. 1994లో పాత చర్చిలో మ్యూజియం పెట్టినారు. నేల మీద ఆ పేట మ్యాపు పరిచినారు. వెళ్లగొట్టబడినవాళ్లు వచ్చి తమ ఇల్లు ఎక్కడుండేదో వెతికి, దాని మీద తమ చేత్తో పేరు రాసినారు. పెద్ద సరంజామా ఏమీ లేదు. మ్యాపు, కలం, తిరిగొచ్చిన మనుషులు.

మన దగ్గర లేదా? పుణేలో అంబేద్కర్ వాడిన వస్తువులతో 1996 నుంచి మ్యూజియం ఉంది. విజయవాడలో 2024 జనవరిలో అంబేద్కర్ పెద్ద విగ్రహంతోపాటు ప్రదర్శనశాల తెరిచినారు. అవి మనకు గర్వమే. అయితే మా దృష్టిలో తెలుగునేల మీద దళితులు తమకు తాము కట్టుకున్న మొదటి చరిత్ర స్థలాల్లో ఒకటి చుండూరులోని రక్తక్షేత్రం. 1991 ఆగస్టు 6న చంపబడినవాళ్లను ఊరి నడుమనే పూడ్చి ఆ చోటికి ఆ పేరు పెట్టుకున్నారు. అక్కడ అద్దాల పెట్టెలు లేవు, టిక్కెట్టు లేదు. కానీ ఏం జరిగిందో మరిచిపోనివ్వం అని ఊరి మొహం మీద చెప్పే చోటు అది. మ్యూజియం చేయాల్సిన పని అంతకంటే ఏముంది?

ఎట్లా మొదలుపెట్టాలి

స్థలం, భవనం, గ్రాంటు అని మొదలుపెడితే అవి వచ్చేలోపు చెప్పాల్సిన ముసలివాళ్లు వెళ్లిపోతారు. కాబట్టి రిజిస్టరుతో మొదలుపెట్టాలి. ప్రభుత్వ మ్యూజియాల్లో వస్తువు పేరు, కొలత, దొరికిన చోటు, తేదీ రాస్తారు. మన రిజిస్టరులో వరుసలు ఇంకొన్ని ఉండాలి: చేసినవాళ్ల పేరు, కులం, వాళ్ల పల్లె, ఎవరికోసం చేసినారు, ఏం ముట్టింది, ఎప్పుడు ఎందుకు ఆగిపోయింది, ఈ సంగతి చెప్పినదెవరు. కులం రాయడం కొందరికి ఇబ్బందిగా ఉంటుంది. రాయకపోతే ఎవరికి లాభమో ఇన్నేళ్లూ చూసినాం. చెప్పినవాళ్లు వద్దంటే మాత్రం పేరు రాయకూడదు.

వస్తువును దానంగా అడగొద్దు. అప్పుగా అడగాలి. ఇంటివాళ్లు ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకుపోవచ్చని కాగితం రాసివ్వాలి. జాతరొస్తే తప్పెట జాతరకు పోవాలి, తిరిగి రావాలి. నిర్వహించే సంఘంలో వస్తువులు ఇచ్చిన పల్లెలవాళ్లు ఎక్కువమంది ఉండాలి, పరిశోధకులం తక్కువమందిమి ఉండాలి. ఇది మాకు కూడా కొంచెం కష్టంగానే ఉంటుంది. రాతలు తెలుగులో, హిందూపురం వైపు కన్నడంలో, ఉర్దూలో కూడా ఉండాలి. ఆడవాళ్ల వస్తువుల్ని వంటింటి సామాను అని ఒక మూలకు తోసెయ్యకూడదు. చెనిక్కాయలు వలిచిన చేట, కూలి కొలిచిన పడి, మంత్రసాని బొడ్డుకోసిన కత్తి, ఇవి సేద్యం చరిత్ర, వైద్యం చరిత్ర. పెద్దకులాల పిల్లల్ని తొలిసారి చేతుల్లోకి తీసుకున్న అంటరాని చేతుల గురించి ఏ పుస్తకం రాసింది?

టీచర్లు ఈ పని రేపే మొదలుపెట్టవచ్చు. బడిలో, హాస్టల్లో ఒక్కొక్క పిల్లను ఇంట్లో అన్నిటికంటే పాత వస్తువేదో అడిగి తెలుసుకొని నాలుగు వాక్యాలు రాసుకు రమ్మనండి. వస్తువు తేవక్కర్లేదు. కొందరు ఏమీ లేదని వస్తారు. వలసపోయిన ఇళ్లలో, కాలిపోయిన గుడిసెల్లో ఏమీ మిగలదు. ఏం పోయిందో రాయమనండి. కొందరి జేజి నోరు విప్పదు. ఆ సంగతులు నీకెందుకు, చదువుకో పో అంటుంది. ఆ మాట కూడా తేదీ వేసి అట్లే రాసుకోవాలి, పక్క వరుస ఖాళీగా వదలాలి. ఇంకో ఏడాదికి ఆమె చెప్తానంటే రాయడానికి చోటు కావాలి కదా.